ఎడమ తుంటి క్లెయిమ్ తిరస్కరణ: హైయర్ లెవెల్ రివ్యూ అడగాలా, సప్లిమెంటల్ క్లెయిమ్ వెయ్యాలా?

నల్లమల_అన్న:

అందరికీ నమస్తే. మా తమ్ముడి కేసు ఇది. మావ్ని (అమెరికా పౌరసత్వం లేనివాళ్ళను సైన్యంలో చేర్చుకునే పథకం) ద్వారా యు.ఎస్. ఆర్మీలో చేరి 2012 నుంచి 2018 దాకా పనిచేశాడు. వివరాలు వరసగా పెడుతున్నాను, ఎక్కడ దెబ్బ కొట్టిందో చెప్పండి.

సర్వీసు వల్ల వచ్చిన జబ్బులకు వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) ఇప్పటికే ఇచ్చిన పరిహార రేటింగులు: కుడి మోకాలు 10 శాతం, నడుము 10 శాతం, కలిపి 20. కొత్తగా అడిగింది ఎడమ తుంటి. 2024లో తీసిన ఎంఆర్ఐలో లేబ్రమ్ (తుంటి గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తని ఎముక) చిరిగిందని, క్యామ్ రకం ఎఫ్ఏఐ (తొడ ఎముక ఉబ్బు గిన్నె అంచుకు ఒరుసుకోవడం) ఉందని వచ్చింది. ఎక్స్‌రేలో కీలు అరుగుదల మొదలైందని రాశారు.

చేరేటప్పటి వైద్య పరీక్షలో కాళ్ళు, తుంటి అన్నీ నార్మల్. 2014, 2015లో మూడుసార్లు యూనిట్ వైద్యుల దగ్గరికి, అంటే సిక్ కాల్‌కి వెళ్ళాడు. మూడుసార్లూ ఎడమవైపు "గ్రోయిన్ స్ట్రెయిన్" (గజ్జ పట్టేయడం) అనే రాశారు. 2016లో మూడు నెలలు పరుగెత్తొద్దని ప్రొఫైల్ (డ్యూటీకి వైద్యులు పెట్టే పరిమితుల కాగితం) ఉంది.

తిరస్కరణ ఉత్తరం మీద తేదీ 2025 జూన్ 16. కారణాలు మూడు చెప్పారు. ఎఫ్ఏఐ ఎముక ఎదుగుదలలో వచ్చేదట, సర్వీసులో తుంటి ఫిర్యాదు ఏదీ లేదట, బయటికొచ్చిన ఆరేళ్ళకు గానీ జబ్బు బయటపడలేదట. వీఏ చేయించిన పరీక్షలో కొలతలు: తొడ పైకి మడవడం 95 డిగ్రీలు, వెనక్కి చాపడం 5, పక్కకు చాపడం 30. కాళ్ళు క్రాస్ చేయగలవా అని డాక్టరు అడిగితే వీడు బాసింపట్టు అనుకుని, కష్టమే గానీ చేయగలనన్నాడు. అక్కడ "చేయగలడు" అని టిక్కు పడింది.

ఏ దారిన వెళ్ళమంటారు? వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేసే ఆలోచన కూడా ఉంది.

కాగితాల_పులి:

అన్నా, మీ కేసు "గజ్జ" అన్న మాట దగ్గర ఆగిపోయింది.

తుంటి నొప్పి అంటే మనవాళ్ళు పిరుదు మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కానీ తొడ ఎముక తల గిన్నెలో కూర్చునే అసలు కీలు దెబ్బతింటే నొప్పి ఎక్కువగా తెలిసేది ముందువైపు, గజ్జలో. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు గజ్జ మీదికి వచ్చేలా తుంటి పక్కన అరచెయ్యి ఆనించి పట్టుకుంటారు చూడండి, దాన్ని ఆర్థోపెడిక్ డాక్టర్లు సి సైన్ అంటారు. పిరుదు వెనక నొప్పి చాలాసార్లు నడుము నుంచి దిగేది. పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టుంటే అది బర్సైటిస్ కావచ్చు.

సిక్ కాల్‌లో పాతికేళ్ళ కుర్రాడు గజ్జ పట్టేసిందంటే మెడిక్ రాసేది గ్రోయిన్ స్ట్రెయిన్. నొప్పి మాత్ర, రెండు రోజుల లైట్ డ్యూటీ, అంతే. పదేళ్ళ తర్వాత అభిప్రాయం రాసే డాక్టరు రికార్డుల్లో "హిప్" అన్న మాట కోసం వెతుకుతాడు. కనబడదు. "ఫిర్యాదు లేదు" అని రాసేస్తాడు. తిరస్కరణ ఉత్తరంలోని రెండో కారణం పుట్టింది అక్కడే, మూడో కారణం నిలబడింది దాని మీదే. 2014లో మొదలైన నొప్పికి 2024లో పేరు దొరికిందంటే అది పదేళ్ళుగా ఉన్న జబ్బు. లేటుగా పుట్టిన జబ్బు అనడానికి లేదు.

ఏం చేయాలంటే: ఫారం 20-10206 పెట్టి సి-ఫైల్ (వీఏ దగ్గరున్న మీ తమ్ముడి క్లెయిమ్ ఫైలు) మొత్తం అడగండి. ముఖ్యంగా కావలసింది పరీక్ష రిపోర్టు, మెడికల్ ఒపీనియన్ పేజీ, రేటింగ్ కోడ్ షీట్ (ఏ జబ్బుకు ఏ కోడ్ కింద ఎంత శాతం వేశారో చూపే కాగితం). తిరస్కరణ ఉత్తరం చదివి అప్పీలు రాయకండి, అందులో ఉండేది సారాంశమే. డాక్టరు ఏ రికార్డులు చూశాడు, ఏ వాక్యం రాశాడు అన్నది రిపోర్టులోనే ఉంటుంది.

అది వచ్చాక ఒకే పేజీలో పట్టిక వేయండి. తేదీ, సర్వీస్ రికార్డులో పేజీ నంబరు, అక్కడున్న మాటలు యథాతథంగా, ఆ నెలలో చేస్తున్న డ్యూటీ. సర్వీసు వదిలేటప్పుడు నింపిన డీడీ 2807-1 (ఆరోగ్య చరిత్ర ఫారం) కూడా తీయండి. అందులో కీళ్ళ నొప్పులకు "లేదు" అని టిక్కు పెట్టి ఉంటే ముందే తెలుసుకోవడం మంచిది, అవతలివాళ్ళు దాన్ని తప్పకుండా ఎత్తి చూపుతారు. త్వరగా ఇంటికి పోదామని అన్నిటికీ "లేదు" కొట్టేసినవాళ్ళు కొల్లలు. అదొక్కటే ఉంటే కేసు పోదు గానీ జవాబు సిద్ధంగా ఉండాలి.

మూడు_దారులు:

పులి గారు చెప్పింది వాస్తవాల తప్పు. దీంట్లో చట్టం తప్పు కూడా ఉంది, అది ఇంకా పెద్దది.

చేరేటప్పటి పరీక్షలో రాయని జబ్బు ఏదైనా, ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని చట్టం అనుకుంటుంది. దీన్నే ప్రిజంప్షన్ ఆఫ్ సౌండ్‌నెస్ అంటారు. దీన్ని పడగొట్టాలంటే వీఏ రెండూ చూపించాలి: జబ్బు ముందే ఉందని, సర్వీసులో ముదరలేదని. రెండిటికీ శంకకు తావులేని సాక్ష్యం కావాలి. వాగ్నర్ వర్సెస్ ప్రిన్సిపి (2004) చెప్పింది ఇదే. "సాధారణంగా ఎదుగుదలలో వస్తుంది" అన్న ఒక్క వాక్యం ఆ బరువు మోయలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. పుట్టుకతోనో ఎదుగుదలతోనో వచ్చే లోపాన్ని, జబ్బును వీఏ వేరువేరుగా చూస్తుంది. మారకుండా అలాగే ఉండిపోయేది లోపం, దానికి పై ఊహ వర్తించదు, పరిహారమూ రాదు. బాగుపడటానికో ముదరడానికో వీలున్నది జబ్బు. క్యామ్ అంటే తొడ ఎముక మెడ దగ్గర గుండ్రంగా ఉండాల్సిన చోట ఉబ్బు. ఆ ఆకారాన్ని వాళ్ళు లోపం అనొచ్చు. ఆ వాదనలో పడి కొట్టుకోకండి. వీఏ జనరల్ కౌన్సెల్ 82-90 అభిప్రాయం ప్రకారం లోపం మీద సర్వీసులో వచ్చి చేరిన గాయానికీ జబ్బుకూ పరిహారం ఇవ్వొచ్చు. మీరు అడగాల్సింది లేబ్రమ్ చిరుగుకి, కీలు అరుగుదలకి. ఫారంలో "ఎఫ్ఏఐ" అని మాత్రమే రాస్తే వాళ్ళకు సగం పని మీరే చేసిపెట్టినట్టు.

రెండో వాదన సెకండరీ, అంటే ఇప్పటికే ఒప్పుకున్న జబ్బు వల్ల వచ్చిందని అడగడం. కుడి మోకాలికి ఇప్పటికే సర్వీస్ కనెక్షన్ (సర్వీసు వల్ల వచ్చిందన్న గుర్తింపు) ఉంది. ఆ మోకాలిని కాపాడుకుంటూ ఎడమకాలి మీద బరువు వేసి నడిచినట్టు ఫిజికల్ థెరపీ నోట్సులో "యాంటాల్జిక్ గెయిట్" అన్న మాట ఉంటే, ఎడమ తుంటి మోకాలి వల్ల వచ్చిందనో ముదిరిందనో కూడా అడగొచ్చు. కలగడం, ముదరడం రెండూ వేరు ప్రశ్నలు, డాక్టరు రెండిటికీ విడిగా జవాబు రాయాలి. ఎల్-అమీన్ వర్సెస్ షిన్సెకీ (2013) తర్వాత ఇందులో వాదనకు తావు లేదు. కాకపోతే నోట్సులో కుంటినట్టు ఎక్కడా లేకపోతే ఈ వాదన పెట్టకండి, బలమైన వాదనను కూడా పలచన చేస్తుంది.

ఇక దారి. 2019 ఫిబ్రవరి 19 నుంచి ఉన్న పద్ధతిలో మూడు: కొత్త సాక్ష్యంతో వేసే సప్లిమెంటల్ క్లెయిమ్ (ఫారం 20-0995), పాత ఫైలునే పై అధికారి మళ్ళీ చూసే హైయర్ లెవెల్ రివ్యూ (20-0996), బోర్డు అప్పీలు (10182). ఏది వేసినా ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు, అంటే 2026 జూన్ 16 లోపు పడితే పాత ఎఫెక్టివ్ తేదీ (పరిహారం లెక్క మొదలయ్యే రోజు) నిలుస్తుంది. ఒకటి ఓడితే ఆ ఉత్తరం తేదీ నుంచి మళ్ళీ ఏడాది. గొలుసు తెగకూడదు, తెగితే ఆ మధ్య కాలం డబ్బు పోయినట్టే.

నా సలహా హైయర్ లెవెల్ రివ్యూ. కొత్త సాక్ష్యం పెట్టనివ్వరు, నిజమే, కానీ మీ కేసులో తప్పు పాత ఫైల్లోనే ఉంది. ఫారంలో ఇన్‌ఫార్మల్ కాన్ఫరెన్స్ అడగండి. సీనియర్ రివ్యూయర్ ఫోన్ చేస్తాడు. ఏకరువు పెట్టకుండా మూడే మాటలు చెప్పండి: ఫలానా పేజీల్లో గజ్జ నొప్పి ఉంది, డాక్టరు చూడలేదు. చేరినప్పటి పరీక్ష నార్మల్, ఆ చట్టం వర్తింపజేయలేదు. పరీక్ష చేయించాక అది సరిపడా ఉండాల్సిన బాధ్యత వీఏదే, బార్ వర్సెస్ నికల్సన్ (2007). రివ్యూయర్ ఒప్పుకుంటే డ్యూటీ టు అసిస్ట్ (సాక్ష్యం సేకరించడంలో వీఏ సాయపడాల్సిన బాధ్యత) లోపం అని రాసి కొత్త అభిప్రాయానికి వెనక్కి పంపుతాడు.

బోర్డుకి ఇప్పుడే వెళ్ళొద్దు, అక్కడ వరస పెద్దది.

గోనియోమీటర్:

దారులు గారితో చట్టం దగ్గర గొడవ లేదు, దారి దగ్గర ఉంది. రివ్యూలో గెలిస్తే ఏమొస్తుంది? కొత్త అభిప్రాయం. దాన్ని రాసేది మళ్ళీ కాంట్రాక్టు డాక్టరే. ఈసారి గజ్జ ఎంట్రీలు చూసి "అవి కండరం నొప్పులు, తుంటివి కావు" అని రెండు వాక్యాలు రాస్తే ఫైల్లో మీకు వ్యతిరేకంగా రెండు అభిప్రాయాలు, మీవైపు సున్నా. అందుకే ముందు మంచి నెక్సస్ లెటర్ (జబ్బుకూ సర్వీసుకూ సంబంధం చెప్పే డాక్టరు ఉత్తరం) సంపాదించి సప్లిమెంటల్ వెయ్యమంటాను. ఫైల్లో అనుకూలంగా ఒక గట్టి అభిప్రాయం ఉన్నాక సందేహం సమంగా ఉంటే సైనికుడి వైపే తేల్చాలన్న నియమం పని చేస్తుంది. తూకంలో మనవైపు రాయి లేకుండా ఆ నియమం ఏం చేస్తుంది?

లెటర్‌లో ఉండాల్సినవి. డాక్టరు ఏ రికార్డులు చదివాడో తేదీలతో. జబ్బు పేర్లు: లేబ్రమ్ చిరుగు, తుంటి కీలు అరుగుదల. ఆ తర్వాత అసలు వాక్యం, "ఎట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్", అంటే సర్వీసులో మొదలవడానికి కనీసం సగానికి సగం అవకాశం. "మే బీ", "కుడ్ బీ" అని రాస్తే ఆ కాగితం దండగ.

వాక్యం రాస్తే సరిపోదు, ఎందుకో చెప్పాలి. విలువంతా అక్కడే అని నియెవెస్-రోడ్రిగ్వెజ్ వర్సెస్ పీక్ (2008) తీర్పు. ఈ కేసులో ఆ "ఎందుకు" ఇలా నడవాలి: క్యామ్ ఉబ్బు ఉన్న తుంటిని బరువుతో పదేపదే లోతుగా మడిస్తే ఆ ఉబ్బు గిన్నె అంచున లేబ్రమ్‌ని ఒరుసుకుంటుంది, వీపున 35 పౌండ్ల రక్‌శాక్‌తో మార్చ్‌లు, మోకాళ్ళ మీద కూర్చుని లేవడం, వాహనాల్లోంచి దూకడం సరిగ్గా ఆ కదలికలే, 2014 నుంచి ఉన్న గజ్జ నొప్పి ఆ చిరుగు లక్షణమే, కండరం పట్టేస్తే వారాల్లో తగ్గిపోవాలి, రెండేళ్ళలో మూడుసార్లు అదే వైపు తిరగబెట్టి, ఆ మరుసటి ఏడు ప్రొఫైల్ దాకా పోదు. చివర్లో వేరే కారణాలు కూడా తూచాలి: వయసు, బరువు, బయటికొచ్చాక చేసిన ఉద్యోగం, ఆటలు. వాటిని దాచేస్తే అవతలి డాక్టరు బయటపెడతాడు. మీ డాక్టరే ముందు చెప్పి, ఎందుకు కాదో రాస్తే లెటర్ బలపడుతుంది.

ఇంట్లోవాళ్ళ, తోటి సైనికుల స్టేట్‌మెంట్లు ఫారం 21-10210 మీద. చూసిందే రాయాలి: "2015 శీతాకాలంలో ఫార్మేషన్ పరుగులో వెనకబడేవాడు, కారెక్కేటప్పుడు ఎడమకాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకునేవాడు." ఇలాంటి ఒక్క వాక్యం "చాలా నొప్పి పడ్డాడు" అని పది రాసినదానికి సాటి. లేబ్రమ్ ఎందుకు చిరిగిందో అమ్మగారు రాస్తే చెల్లదు, అది డాక్టరు పని. అమ్మగారు తెలుగులో రాస్తే ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి సంతకం జతచేయండి.

నల్లమల_అన్న:

ఇద్దరి మాటా అర్థమైంది. ఆర్థోపెడిక్ డాక్టరు లెటర్ రాస్తానంటున్నారు గానీ సర్వీస్ రికార్డులు చూడకుండా "మే బీ" తప్ప రాయనన్నారట. ఆయన తప్పేం లేదనుకుంటా.

ఇంకో సందేహం. సర్వీస్ కనెక్షన్ వస్తే ఈ కొలతలతో ఎంత శాతం వస్తుంది? 95 డిగ్రీలంటే బాగానే ఉన్నట్టు కదా?

గోనియోమీటర్:

డాక్టరు మంచివాడే. పులి గారు చెప్పిన ఒక పేజీ పట్టిక, ఆ మూడు సిక్ కాల్ పేజీలు, ప్రొఫైల్, ఎంఆర్ఐ రిపోర్టు, తిరస్కరించిన ఒపీనియన్ పేజీ, ఇంతే పంపండి. 800 పేజీల ఫైలు పంపితే ఎవరూ చదవరు. లెటర్‌కి వేలల్లో డాలర్లు అడిగి ఒకే మూస వాక్యాలు అచ్చేసే దుకాణాలున్నాయి, వాటి జోలికి పోకండి. ఆ మూస రేటర్లకు చూడగానే తెలుస్తుంది.

ఇక కొలతలు. నియమాలు అమెరికా ఫెడరల్ నిబంధనల్లో, 38 సీఎఫ్ఆర్ 4.71ఎలో ఉంటాయి. వీఏ లెక్కలో మామూలు తుంటి 125 డిగ్రీల దాకా మడుస్తుంది, 45 దాకా పక్కకు చాస్తుంది. తుంటి కోడ్‌లు కదలికను బట్టి విడివిడిగా ఉంటాయి, చాలామంది ఒక్క మడవడం దగ్గరే ఆగిపోతారు.

5252, పైకి మడవడం: 45 డిగ్రీలకు ఆగితే 10 శాతం, 30కి 20, 20కి 30, 10కి 40. మీ 95కి ఇందులో ఏమీ రాదు.

5251, వెనక్కి చాపడం: 5 డిగ్రీలకు ఆగితే 10 శాతం, దీనికి అదే గరిష్ఠం. మీ రిపోర్టులో 5 అని ఉంది. ఇది మీ చేతిలో ఉన్న 10 శాతం.

5253లో మూడున్నాయి: పక్కకు చాపడం 10 డిగ్రీలు దాటకపోతే 20 శాతం, కాలు మీద కాలు వేసుకోలేకపోతే 10, ఆ పాదాన్ని 15 డిగ్రీలకు మించి బయటికి తిప్పలేకపోతే 10. ఈ మూడిట్లో ఒక్కటే ఇస్తారు.

ఇప్పుడు బాసింపట్టు సంగతి, ఇది మనవాళ్ళందరూ తెలుసుకోవాలి. నియమంలో ఉన్న "క్రాస్ లెగ్స్" అనేది తొడను శరీరం మధ్యగీత దాటించి అవతలికి తెచ్చే కదలిక కింద ఉంది. కుర్చీలో కూర్చుని ఒక మోకాలి మీద రెండో మోకాలు వేయడం, మన మాటలో కాలు మీద కాలు వేసుకోవడం. బాసింపట్టులో తొడ మధ్యగీత నుంచి దూరంగా, బయటికి తిరిగి పడుతుంది. పూర్తిగా ఎదురు కదలిక. ఇది వచ్చినవాడికి అది రాకపోవచ్చు. లేబ్రమ్ ముందువైపు చిరిగినవాళ్ళకి తొడను మడిచి లోపలికి తెస్తేనే కలుక్కుమంటుంది. డాక్టర్లు చిరుగును పట్టుకోవడానికి చేసే పరీక్ష కూడా అదే కదలిక. కాబట్టి మళ్ళీ పరీక్ష జరిగితే నోటితో చెప్పకుండా కుర్చీలో కూర్చుని ఎడమ మోకాలిని కుడి మోకాలి మీదికి తెచ్చి చూపించమనండి. ఎక్కడ ఆగితే అక్కడ ఆపేయాలి, చేత్తో లాగి వేయకూడదు. ఈ తేడా గురించి ఒక చిన్న స్టేట్‌మెంట్ ఇప్పుడే పెట్టండి. లేకపోతే రేపు నిజం చెప్పినా మాట మార్చాడంటారు.

పరీక్షలో ఇంకో రెండు చూసుకోవాలి. కొలత గోనియోమీటర్‌తో తీయాలి: ఇరుసు తుంటి పక్క ఎముక మీద, ఒక కర్ర నడుం పక్కగా, రెండోది తొడ వెంట మోకాలి వైపు. కళ్ళతో చూసి వేసిన కొలతల్లో నడుము గుండ్రంగా వంగి ఇచ్చిన డిగ్రీలు కూడా తుంటి ఖాతాలో పడిపోతాయి. రెండోది, కొరియా వర్సెస్ మెక్‌డొనాల్డ్ (2016) ప్రకారం తనంతట కదిపినప్పుడు, డాక్టరు కదిపినప్పుడు, బరువు మోపి, మోపకుండా, బాగున్న రెండో తుంటితో పోల్చి నొప్పి చూడాలి. వీటిలో ఏది ఖాళీగా వదిలినా అప్పీలుకు పనికొచ్చే లోపమే.

నొప్పి ఎక్కువైన రోజుల గురించి అడిగితే "బాగా నొప్పి సార్" అనొద్దు. నెలకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఆ రోజుల్లో ఏ పని ఆగిపోతుంది: సాక్సు వేసుకోలేడా, కమోడ్ మీంచి గోడ పట్టుకుని లేస్తాడా, మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతాడా. దాన్నిబట్టి ఆ రోజుల్లో ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో డాక్టరు అంచనా వేయాలి. పరీక్ష రోజున నొప్పి లేదు కాబట్టి చెప్పలేను అని తప్పించుకోవడం షార్ప్ వర్సెస్ షుల్కిన్ (2017) తర్వాత కుదరదు. ఒక ముక్క మాత్రం మనవాళ్ళు పొరబడతారు: 40 డిగ్రీల దగ్గర నొప్పి మొదలవడం, 40 దగ్గర కదలిక ఆగిపోవడం ఒకటి కావు. నొప్పి వల్ల పని ఆగితేనే అది తగ్గుదల కింద లెక్క.

మూడు_దారులు:

లెక్క నేను వేస్తాను, ఇక్కడే అందరూ జారతారు.

తుంటికి 5251 కింద 10 ఒక్కటే వచ్చిందనుకోండి. ఎడమ తుంటి, కుడి మోకాలు రెండూ రెండు కాళ్ళవి కాబట్టి బైలేటరల్ ఫ్యాక్టర్ పడుతుంది. అదే కీలు రెండు వైపులా ఉండక్కర్లేదు. 10, 10 కలిపితే 19 (రెండో పదిని మిగిలిన 90 మీదే లెక్కిస్తారు). దానికి పదో వంతు కూడితే 20.9, అంటే 21. నడుము 10 కలిపితే 28.9, అంటే 29. దగ్గరి పదికి సవరిస్తే 30 శాతం.

కాలు మీద కాలు వేసుకోలేకపోవడానికి 5253 కింద ఇంకో 10 వస్తే: మూడు పదులు కలిపి 27, ఫ్యాక్టర్‌తో 29.7, అంటే 30. నడుముతో 37. దగ్గరి పదికి 40 శాతం. రేటర్ ఫ్యాక్టర్ మర్చిపోతే 27, నడుముతో 34, అది 30కి పడిపోతుంది. కోడ్ షీట్ అడగమన్నది ఇందుకే. 2025 రేట్లలో, మీద ఆధారపడ్డవాళ్ళు లేని మనిషికి నెలకు 30 శాతానికి 537.42 డాలర్లు, 40 శాతానికి 774.16. ఒక తప్పు టిక్కు ఖరీదు నెలకు 236 డాలర్ల పైమాట.

గోనియోమీటర్ గారి వాదనకు నేను సగం లొంగుతాను. డాక్టరు లెటర్ రెండు మూడు నెలల్లో వచ్చేటట్టయితే సప్లిమెంటల్ వేసేయండి. లెటర్ రాకుండా 2026 ఏప్రిల్ దాటితే ఎదురుచూడకుండా రివ్యూ వేయండి, అది ఓడినా తర్వాతి ఏడాదిలో సప్లిమెంటల్ ఉంటుంది. రివ్యూ మీద వెంటనే మళ్ళీ రివ్యూ మాత్రం అదే అంశానికి కుదరదు.

ఆపరేషన్_టేబుల్:

సర్జరీ వైపు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

లేబ్రమ్ కుట్టే ఆర్థ్రోస్కోపీ చేయించుకుంటే తుంటి మార్పిడి రేటింగు రాదు. కనీసం ఒక నెల కోలుకునే సమయం పట్టే సర్జరీ కాబట్టి అదే నిబంధనల్లోని 4.30 కింద తాత్కాలిక 100 శాతం అడగాలి, ఒకటి నుంచి మూడు నెలలు ఇస్తారు, అవసరమైతే పొడిగిస్తారు. ఎన్ని వారాలు పనికి వెళ్ళకూడదో, ఎప్పటిదాకా ఊతకర్రలో సర్జన్ డిశ్చార్జి కాగితంలోనే రాయించండి. తర్వాత తెచ్చే సర్టిఫికెట్లకు అంత బరువు ఉండదు.

పూర్తి తుంటి మార్పిడి అయితే కోడ్ 5054. 2021 ఫిబ్రవరి 7 నుంచి నియమం మారింది: ముందు 4.30 కింద ఒక నెల, ఆపైన నాలుగు నెలలు 100 శాతం. అంతకుముందు ఏడాది ఉండేది, నెట్‌లో పాత పేజీలు చూసి ఏడాది వస్తుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ తర్వాత కనీసం 30. మిగిలిన నొప్పి, బలహీనత ఓ మోస్తరు తీవ్రమైతే 50, బాగా తీవ్రమైతే 70, ఊతకర్రలు లేకుండా నడవలేకపోతే 90.

ఇవన్నీ సర్వీస్ కనెక్షన్ ఉన్న తుంటికే. హైదరాబాద్ ప్లాన్ ఉందన్నారు. విదేశాల్లో వైద్యానికి వీఏ డబ్బిచ్చే ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్ కూడా సర్వీస్ కనెక్షన్ ఉన్న జబ్బులకు, వాటి వల్ల వచ్చినవాటికే. ఇప్పటి స్థితిలో తుంటికి పైసా రాదు, మోకాలికి, నడుముకి వస్తుంది. 10-7959ఎఫ్-1తో ముందు నమోదు చేసుకోవాలి, బిల్లులు 10-7959ఎఫ్-2తో. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇచ్చే "ప్యాకేజీ 2,40,000" లాంటి ఒక్క లైను బిల్లు పనికిరాదు. గది, ఇంప్లాంట్, సర్జన్, మందులు విడివిడిగా, జబ్బు పేరుతో, చెల్లించిన రసీదుతో తీసుకోండి.

కుదిరితే అమెరికాలో ఉండగానే పరీక్ష అయ్యేలా చూసుకోండి. ఊరు మారాక పాత చిరునామాకి పరీక్ష ఉత్తరం వెళ్ళి, వెళ్ళలేదని ఉన్న సాక్ష్యంతోనే తేల్చేసిన కేసులు తక్కువేం కాదు. ఇల్లు మారిన రోజే వీఏ డాట్ గవ్‌లో చిరునామా మార్చండి.

సింగరేణి_బిడ్డ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. తుంటి ఎముక తలకు రక్తం అందక కుళ్ళిపోయే ఏవీఎన్ ఉన్నవాళ్ళకి ఇదే దారా? ఆస్తమాకి ఏళ్ళ తరబడి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ వాడిన మనిషి కోసం అడుగుతున్నా. అలాగే ఇండియన్ ఆర్మీలో చేసినవాళ్ళకి?

కాగితాల_పులి:

ఆస్తమాకి సర్వీస్ కనెక్షన్ ఉంటే ఏవీఎన్‌ని దాని మందు వల్ల వచ్చిన సెకండరీగా అడగండి. స్టెరాయిడ్ల వల్ల ఏవీఎన్ రావడం వైద్యంలో అందరూ ఒప్పుకున్న సంగతే, కాబట్టి గొడవ మోతాదు మీదే వస్తుంది. ఫార్మసీ రికార్డుల్లోంచి ఏ నెలలో రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అన్నది వరసగా రాసి డాక్టరుకివ్వండి. పీల్చే స్టెరాయిడ్, మింగే స్టెరాయిడ్ కలిపి రాయకండి, బరువంతా మింగేదానిదే. మద్యం అలవాటు రికార్డులో ఉంటే లెటర్‌లో దాని మాట కూడా తేల్చాలి.

ఇండియన్ ఆర్మీది పూర్తిగా వేరు. అక్కడ రిలీజ్ మెడికల్ బోర్డు పెట్టిన శాతం, సర్వీసు వల్ల వచ్చిందా, ముదిరిందా అన్న గడి ముఖ్యం. డిపార్టుమెంట్ అప్పీళ్ళ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడన్న ఊహ గురించి సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో చెప్పింది చదవండి. దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిపితే ఇద్దరికీ గందరగోళం.

నల్లమల అన్నా, ఇంకొక్క మాట. 20-0995 నింపేటప్పుడు అంశం పేరు తిరస్కరణ ఉత్తరంలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాసి, పక్కన ఉత్తరం తేదీ వేయండి. పేరు మార్చి రాస్తే కొత్త క్లెయిమ్ అనుకుని వేరే ఫారం పెట్టమంటారు. లేబ్రమ్ చిరుగు, అరుగుదల, మోకాలి సెకండరీ వాదనలన్నీ జత చేసే స్టేట్‌మెంట్‌లో పెట్టండి. సాయానికి డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు డబ్బు తీసుకోరు, ఫారం 21-22 మీద సంతకం పెడితే చాలు. లాయరైతే వచ్చిన బకాయిలో 20 శాతం దాకా మామూలే. మూడో వంతు దాటి అడిగితే లేచి వచ్చేయండి.

నల్లమల_అన్న:

20-10206 ఈ రాత్రికే పంపిస్తున్నాం. కుర్చీలో కూర్చోబెట్టి చూశాను, ఎడమ మోకాలు కుడి మోకాలి మీదికి జానెడు దూరంలోనే ఆగిపోతోంది.